పారదర్శక పాలకూర

ఆ ఏడు ప్రభుత్వం పారదర్శకత మీద మనసు పడింది. పడిన మనసు ఊరికే ఉండదు గదా, ముందు జీవో అయింది, ఆ తర్వాత సర్క్యులరయింది. ఆ సర్క్యులరు గోపిరాజుపాలెంలో ఉన్న మట్టిలేని సాగు ప్రోత్సాహక సంస్థకు చేరేసరికి ఎండలు ముదిరాయి.

పాలనలో దాపరికం ఉండరాదన్నది దాని సారాంశం. సారాంశానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అయితే దాపరికం లేకుండా పనిచెయ్యడమనేది అంత తొందరగా అలవడే విద్య కాదు. అందుకని సంస్థ డైరెక్టరు చక్రధరరావుగారు దాపరికం లేని సామాను కొనడంతో మొదలుపెట్టారు. గదులకు గోడలు తీయించి అద్దాలు బిగించారు. ఇనప బీరువాలకు గాజు తలుపులు పెట్టించారు. బీరువాల చాటున ఇరవయ్యేళ్ళుగా మధ్యాహ్నం కునుకు తీస్తున్న అటెండరు పోలయ్యకు దిక్కుతోచలేదు. రెండు రోజులు మెలకువగా ఉండి చూశాడు. ఆరోగ్యం సహకరించలేదు. మూడోరోజు అద్దం పక్కనే బల్ల వేసుకుని పడుకున్నాడు. నలుగురికీ కనబడేలా నిద్రపోతున్నాడు గనక అభ్యంతరం పెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

కింద అంతస్తంతా పారదర్శకమయ్యాక డైరెక్టరుగారి చూపు మేడమీదికి మళ్ళింది.

మేడమీద ఆకుపచ్చ వలపందిరి కింద ఇరవైనాలుగు తొట్లున్నాయి. వాటిలో మట్టి ఉండదు. ఎరువు కలిపిన నీళ్ళుంటాయి. పైన మూతకు కన్నాలు, కన్నానికో మొక్క. మొక్క మెడదాకా పైన నిలబడి ఉంటే వేళ్ళు నీళ్ళలో వేలాడుతుంటాయి. పాలకూర, చుక్కకూర, పుదీనా. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న సాంకేతిక సహాయకురాలు భ్రమరాంబ వాటి ఆలనాపాలనా చూస్తుంది. కూరంతా ఎదురుగా రోడ్డవతల ఉన్న ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలుకు పోతుంది. నూట అరవైమంది పిల్లలు. వాళ్ళకు వండిపెట్టే దీనమ్మ ఉదయం ఎనిమిదింటికి గంప పట్టుకుని మెట్లెక్కి వచ్చేది, నిండు గంపతో దిగి వెళ్ళేది. రెండేళ్ళుగా ఈ పని ఎవరూ గమనించకపోవడంచేత సవ్యంగా జరిగిపోతూ ఉంది.

తొట్లు దళసరి నల్ల ప్లాస్టిక్కువి. లోపలేముందో బయటికి కనబడదు. డైరెక్టరుగారు వాటి చుట్టూ ఒకసారి తిరిగి, ఒక తొట్టి మీద వేలితో తట్టి, "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగారు.

"వేళ్ళు పెరుగుతున్నాయి సార్," అంది భ్రమరాంబ.

"మీరంటున్నారు. ప్రజలెలా నమ్మాలి?"

వారం తిరిగేసరికి గాజులాంటి తొట్లు ఇరవైనాలుగు దిగాయి. భ్రమరాంబ వాటిని చూసి గాభరాపడి కిందికి పరుగెత్తింది.

"సార్, వేళ్ళకి వెలుతురు పనికిరాదండీ. ఎరువు నీళ్ళమీద ఎండ పడితే పాకుడు పుడుతుంది. నీళ్ళు వేడెక్కితే అందులో గాలి తగ్గిపోతుంది. దాంతో వేళ్ళకి బంక పడుతుంది. వేళ్ళకి చీకటే కావాలి."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు ఆయన కళ్ళజోడు తీస్తారు. "భ్రమరాంబగారూ, వెలుతురంటే భయపడేదెవరో మీకు తెలుసునా?"

"వేళ్ళు సార్."

"దొంగలు!" అన్నారాయన.

తొట్లు మారాయి. ఆవిడే మార్చింది, చేసేదేముంది? ప్రారంభోత్సవం రోజున తెల్లటి వేళ్ళు నీళ్ళలో జడపాయల్లా ఊగుతుంటే చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఫొటోలు పడ్డాయి. డైరెక్టరుగారు రిబ్బను కత్తిరించి, పాలనలో వేళ్ళదాకా చూడగలిగిన సంస్థ రాష్ట్రంలో తమదొక్కటేనని ప్రసంగించారు.

పదోరోజుకు వేళ్ళు టీ రంగుకు తిరిగాయి. పన్నెండోరోజుకు వాటి చుట్టూ నానిన సబ్జాగింజల్లా జిగురు చేరింది. పదిహేనోరోజుకు పాయలన్నీ ఒకదానికొకటి అంటుకుని గోధుమరంగు ముద్దయి, ముట్టుకుంటే చేతికి సాగుతూ, మురిక్కాలవ వాసన కొట్టసాగాయి. పైన ఆకులు తలలు వేలాడేశాయి. నిండా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని మొక్కలు దాహంతో చస్తున్నాయి.

దీనమ్మ గంపతో వచ్చి తొట్టెలోకి తొంగి చూసింది.

"ఏందమ్మా ఇది? బెండకాయ పులుసు పోసినావా ఏంది?"

"బంక పట్టింది దీనమ్మా."

"మరి కూర?"

నాలుగు కట్టలు తేలాయి. నూట అరవై మందికి నాలుగు కట్టలు. దీనమ్మ వాటిని గంపలో పెట్టుకుని, గంప వైపు చూసి, "ఈటికి గంపెందుకు, చెవిలో పెట్టుకుని పోతా," అని దిగిపోయింది.

భ్రమరాంబ ఊరుకోలేదు. కుళ్ళిన వేళ్ళను కత్తెరతో కత్తిరించింది. తొట్లు ఖాళీ చేసి రుద్ది కడిగింది. మందుల షాపులో పుండ్లు కడిగే పెరాక్సైడు తెచ్చి, కొలిచి నీళ్ళలో కలిపింది. చేపల తొట్లకు బుడగలు పంపే గాలి పంపులు నాలుగు తెచ్చి పెట్టింది. క్యాంటీను ఫ్రిజ్‌లో నీళ్ళసీసాలు గడ్డకట్టించి ఒక్కో తొట్టెలో ఒక్కోటి వేసింది. నాలుగు రోజుల్లో కొత్త వేళ్ళు తెల్లగా మొటికలు పెట్టాయి. ఆరోరోజు ఎండకు నీళ్ళలో మళ్ళీ పాకుడు పుట్టింది. ఎనిమిదో రోజుకు బంక యథాస్థానంలోకి వచ్చి కూర్చుంది.

రోగానికి మందు ఉన్నా, రోగం వచ్చే తలుపు తెరిచిపెట్టి ఎన్నాళ్ళు మందు పోస్తుంది? ప్రతిపాదన రాసుకుని సూపరింటెండెంటు అంబరీషుగారి దగ్గరికి వెళ్ళింది.

అంబరీషుగారు ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క మాట కూడా సొంతంగా మాట్లాడి ఎరుగరు. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గరున్న నియమావళిలో జవాబుంటుంది. లేకపోతే ఆ ప్రశ్న తప్పు. ఆయన కాగితం చదివి ఒక మాట కింద గీత గీశారు.

"'చీకటి' అనే పదం ఫైలులో రాయకూడదండీ. సర్క్యులరుకి వ్యతిరేకం."

"మరేం రాయమంటారు?"

"'వెలుతురు యొక్క తాత్కాలిక గైర్హాజరు' అనండి."

అలాగే రాసింది. ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్ళి మూడు వారాలకు తిరిగివచ్చింది. పైన ఎర్రసిరాతో ఇలా ఉంది: "వెలుతురులో చేయజాలని ఏ పనిని సదరు వేళ్ళు చీకటిలో చేయదలచుకున్నవో, అట్టి పనిని వేళ్ళ నుండి లిఖితపూర్వకముగా రాబట్టి, ఈ కార్యాలయమునకు సమర్పించవలసినదిగా ఆదేశించడమైనది."

భ్రమరాంబ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మేడమీదికి వెళ్ళిపోయింది. మర్నాడు ఇంట్లో పాతగొడుగు విప్పి, నల్లగుడ్డ ఊడదీసి తెచ్చింది. మూలనున్న ఒక్క తొట్టికి చుట్టింది. ఒక్కటైనా బతకనీ అనుకుంది.

ఒకటి బతికింది. వారంలో ఆ తొట్టెలో పాలకూర ఏపుగా, చేటంత ఆకులతో లేచింది. అక్కడే కొంప మునిగింది. ఇరవైమూడు తొట్లలో మొక్కలు చస్తుంటే ఒక్కదానిలో పెరగడం డైరెక్టరుగారి కంట పడనే పడింది. గొడుగుగుడ్డ ఊడబీకి ఫొటో తీయించారు. సాయంత్రానికి మెమో వచ్చింది: "తమరు ప్రభుత్వ వేళ్ళను ప్రజల దృష్టి నుండి మరుగుపరచి, తద్వారా అనుమానాస్పదమగు దిగుబడిని సాధించినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో..."

భ్రమరాంబ మూడు పేజీల సంజాయిషీ ఇచ్చింది. దాన్ని గాజుబీరువాలో పెట్టారు. బయటినుంచి చూస్తే మొదటి పేజీ చక్కగా కనబడుతుంది. తాళంచెవి ప్రధాన కార్యాలయంలో ఉంది గనక మిగతా రెండు పేజీలూ ఎవరూ చదవలేదు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. పారదర్శకతా పరిశీలన బృందం నలుగురు సభ్యులతో దిగింది. వాళ్ళు తొట్ల చుట్టూ వంగి, లేచి, మళ్ళీ వంగి చూశారు. బంక మందంగా పట్టడంతో వేళ్ళు కనబడలేదు. "వేళ్ళు పారదర్శకముగా లేవు," అని రాసుకున్నారు.

డైరెక్టరుగారికి చెమటలు పట్టాయి. భ్రమరాంబను పిలిపించారు.

"బంక అడ్డొస్తోంది. ఏం చేద్దాం?"

ఈసారైనా వింటారేమోనని ఆవిడ ఆశపడింది. "తొట్లకి నల్లగుడ్డ చుడదాం సార్. పది రోజుల్లో బంక పోతుంది."

"మీరు మళ్ళీ మొదటికే వచ్చారు. చూపు ఆనకపోతే ఏం చేస్తాం? లైటు వేస్తాం. అవునా?"

తొట్టికి రెండు చొప్పున పెళ్ళిళ్ళలో పెట్టే ఫోకస్ లైట్లు నలభై ఎనిమిది తెప్పించి వేళ్ళ మీదికి తిప్పారు. రాత్రీ పగలూ వెలుగే. నీళ్ళు చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడెక్కాయి. బంకకు అంతకన్నా కావలసిందేముంది? తొట్టి అడుగు నుంచి మూతదాకా నిండి, బుడగలు కక్కుతూ, మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

డైరెక్టరుగారు అంతటితో ఆగలేదు. తొట్లముందు కెమెరా పెట్టించి, ఆ దృశ్యం బస్టాండులోని పెద్దతెర మీద ఎప్పటికప్పుడు కనబడే ఏర్పాటు చేశారు. ప్రజలు తమ పాలనను తామే చూసుకోవాలన్నారు. ప్రజలు చూశారు. బస్సు కోసం నిలబడినవాడికి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి గదా. గోధుమరంగు ముద్ద ఒకటి తెరంతా నిండి ఊగుతూ, మధ్యమధ్య బుడగ వదులుతుంటే అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. చివరకు పల్లీలమ్మే ముసలాయన తేల్చాడు: "లివరది. రోజూ తాగేవాడి లివరు. గవర్నమెంటోళ్ళు బుద్ధి రావాలని చూపిత్తన్నారు."

ఆ వారంలో ఊళ్ళో ముగ్గురు మందు మానేశారు. ఈ సంగతి పత్రికలో పడింది. డైరెక్టరుగారు మాసనివేదికలో "ప్రజారోగ్యరంగంలో సంస్థ సాధించిన అనూహ్య ఫలితాలు" అనే శీర్షిక కింద చేర్చారు. ప్రధాన కార్యాలయం అభినందిస్తూ, ఇతర జిల్లాలకు కూడా బంక నమూనాలు పంపవలసిందిగా కోరింది. బంకను సీసాల్లో నింపి, లేబుళ్ళు అంటించి పంపే పని భ్రమరాంబకే అప్పగించారు. పద్దెనిమిదేళ్ళుగా ఏ తెగులుతో కొట్లాడిందో ఆ తెగులుకు ఆవిడే గరిటెతో వడ్డన చేసింది.

మర్నాడు దీనమ్మ గంప లేకుండా వచ్చింది. మెట్లమీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"గంపేది?" అంది భ్రమరాంబ.

"ఎందుకమ్మా గంప? పిల్లలు పప్పులో చెయ్యి పెట్టి ఆకు కోసం దేవులాడతన్నారు. ఏదన్నా పచ్చంగా కనబడితే మిరపకాయ. మొన్న డాక్టరమ్మొచ్చి ఏళ్ళు పొడిచి రక్తం చూసింది. సగంమందికి రక్తం లేదంట. ఇయ్యాల పొద్దున పేర్థనలో ఎనిమిదో తరగతి పిల్ల నిలబడింది నిలబడినట్టే పడిపోయింది. బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. నిన్నేం అనటంలేదమ్మా. నువ్వేం జేత్తావు. చెప్పుకోటానికి ఎవురూ లేక వచ్చినా."

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. భ్రమరాంబ చేతులు కడుక్కుని, అంబరీషుగారి బల్ల ముందుకు వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ సంస్థలో ఆయన ముందు ఎవరూ అలా కూర్చోరు.

"అంబరీషుగారూ, ఈ బిల్డింగులో చీకటి ఎక్కడైనా ఉందా?"

ఆయన ఇబ్బందిగా కదిలారు. తర్వాత నియమావళి తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టారు. "నేను చెప్పటం లేదు. చదువుతున్నాను, అంతే. తొమ్మిదో నిబంధన. 'విచారణలో ఉన్న అంశములకు సంబంధించిన సాక్ష్యములను, విచారణ ముగియువరకు, కాంతి సోకకుండ నల్లని వస్త్రముతో కప్పి, లక్కముద్ర వేసి భద్రపరచవలెను. అట్టి సాక్ష్యములకు పారదర్శకతా నిబంధనలు వర్తించవు.'"

"విచారణ ఎప్పుడు వేస్తారు?"

"ఆరోపణ వస్తే వేస్తారు." ఆయన పేజీ తిప్పారు. "సంతకం లేని ఆరోపణైనా సరే. పదో నిబంధన."

పుస్తకం మూసి ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. భ్రమరాంబ నమస్కారం పెట్టి లేచింది.

నాలుగు రోజుల తర్వాత డైరెక్టరుగారి పేరిట ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఎడమచేత్తో రాసినట్టు అక్షరాలన్నీ తలోదిక్కు పోతున్నాయి.

"అయ్యా, మీ సంస్థలో పనిచేస్తున్న పాలకూర వేళ్ళు ప్రభుత్వ ఎరువును నిత్యమూ పీలుస్తూ, పైకి ఒక్క ఆకు కూడా పంపడం లేదు. నీళ్ళలో కూర్చుని ఒకరినొకరు పెనవేసుకుని ముఠా కట్టినవి. తమ అక్రమాలు బయటపడకుండా చుట్టూ బంక కప్పుకున్నవి. పైవారి అండ లేనిదే ఇంత ధైర్యం రాదని ఊరంతా అనుకుంటున్నది. వేళ్ళపై వెంటనే విచారణ జరపనియెడల ఈ సంగతి ఇంకా పై స్థాయికి తెలియజేయగలను. ఇట్లు, ఒక ప్రజాహితుడు."

డైరెక్టరుగారు మొదటి మూడు వాక్యాలకూ నవ్వారు. 'పైవారి అండ' దగ్గర నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. గంటలో ఆదేశం వెలువడింది: "వేళ్ళ ప్రవర్తనపై సమగ్ర విచారణకు ఆదేశించడమైనది. ఇందులో ఎంతటివారి వేళ్ళున్నా ఉపేక్షించబోము."

ఆ మధ్యాహ్నమే అంబరీషుగారు పంచనామాకు మేడెక్కారు. నల్ల కాటన్ తాను వచ్చింది. తొట్టి తొట్టికీ గుడ్డ చుట్టి, పురికొస కట్టి, లక్క కరిగించి ముద్రలు వేశారు. ఆరోపణ వేళ్ళ మీదే గనక గుడ్డ మూతదాకా వచ్చి ఆగిపోయింది. మొక్క తల బయటే ఉంది. ఫోకస్ లైట్లు ఆర్పేశారు. కెమెరా పీకేశారు. బస్టాండులో తెర మీద "విచారణ జరుగుచున్నది" అని అట్ట కట్టారు.

"సాక్ష్యం పాడవకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి," అన్నారు అంబరీషుగారు. "ఎవరికి?"

మేడమీద భ్రమరాంబ తప్ప ఎవరూ లేరు.

"సాక్ష్యం కుళ్ళిపోతే నేరం సార్ మరి," అంది భ్రమరాంబ. "ముందు ఆ బంకంతా కడగాలి, మందు పొయ్యాలి, నీళ్ళు మార్చాలి. రోజూ ఐసు సీసాలు వెయ్యాలి. గాలి పంపులు నడవాలి."

ఆయన పంచనామాలో అక్షరం తప్పకుండా రాసుకున్నారు: "సాక్ష్యము శ్వాసించుటకు గాను తొట్టికి ఒక గొట్టము. సాక్ష్యము వేడెక్కకుండుటకు గాను దినమునకు రెండు మంచుసీసాలు. సాక్ష్యమును శుభ్రపరచుటకు గాను పెరాక్సైడు, తగుమోతాదు."

పన్నెండు రోజులు పట్టింది. మొదట చుక్కకూర తలెత్తింది. తర్వాత పుదీనా ఘుమాయించింది. ఆ తర్వాత పాలకూర ఆగమంటే ఆగలేదు. మేడమీద నల్లటి మూటలు ఇరవైనాలుగు బారుగా ఉండి, ప్రతి మూట మీదా పచ్చటి గొడుగు విప్పినట్టయింది. ఉత్తరంలో ఆకుల మీద ఒక్క మాటా లేదు కాబట్టి కోసుకోవడానికి అభ్యంతరం లేదని అంబరీషుగారు పన్నెండో నిబంధన చదివి వినిపించారు. దీనమ్మ గంప మళ్ళీ వచ్చింది. పది రోజులకు రెండో గంపను కూడా వెంట తెచ్చింది.

భ్రమరాంబ లెక్క ప్రకారం విచారణలు ఏళ్ళ తరబడి సాగాలి. సాగేవే. ఆవిడ ఖర్మకొద్దీ విచారణాధికారిగా త్రివిక్రమయ్యగారు వచ్చారు. ఇచ్చిన పని ఇచ్చిన గడువులో ముగించే దురలవాటు ఆయనకుంది. అందుకే ఆయన్ని ఇరవై రెండుసార్లు బదిలీ చేశారు. సరిగ్గా రెండు నెలలకు, ఒక సోమవారం పొద్దున్నే గొడుగూ, టిఫిను డబ్బా పట్టుకుని మేడెక్కారు. డైరెక్టరుగారూ, అంబరీషుగారూ వెనక ఉన్నారు. భ్రమరాంబ కూర కోస్తున్నదల్లా లేచి నిలబడింది. దీనమ్మ గంపతో సహా మెట్ల దగ్గరే ఆగిపోయింది.

త్రివిక్రమయ్యగారు లక్క పగలగొట్టి, గుడ్డ దించి, తొట్టెలోకి చూశారు. వేళ్ళు కడిగిన సేమ్యాలా తెల్లగా, పాయలు పాయలుగా ఊగుతున్నాయి. నీళ్ళు వాసన చూశారు. వేలు ముంచి రుద్ది చూశారు. జిగట లేదు. ఆయన అక్కడే కూర్చుని, ఒడిలో కాగితం పెట్టుకుని రాసి, పైకి చదివారు.

"ఆరోపణలు నిరాధారములు. వేళ్ళు నిర్దోషులు. కావున ముద్రలు తొలగించి, తొట్లను తక్షణమే పూర్వపు పారదర్శక స్థితికి తీసుకురావలెను."

డైరెక్టరుగారి ముఖం వెలిగింది. "నాకు ముందే తెలుసండీ. నా వేళ్ళు అలాంటివి కావు. అంబరీషుగారూ, లైట్లవాణ్ణి పిలిపించండి. బస్టాండుకి కబురు పెట్టండి." తర్వాత భ్రమరాంబవైపు దయగా చూశారు. "మీ ప్రమోషను కాగితం కూడా నా బల్ల మీదికొచ్చింది. తోటల అధికారి! ఇవాళే సంతకం పెట్టేస్తాను. ఈ శుభసందర్భంలో."

తొమ్మిదేళ్ళుగా భ్రమరాంబ ఎదురుచూస్తున్న సంతకం అది. ఇంట్లో అత్తగారితో సహా అందరికీ ఆ హోదా పేరు కంఠతా వచ్చు. ఆవిడ ఆ కాగితాన్ని తలుచుకుంది. తొట్టెలోకి అప్పటికే సూదిలా దిగుతున్న ఎండను చూసింది. మెట్ల దగ్గర దీనమ్మ గంపను పొట్టకు అదుముకుని నిలబడి ఉంది. ఆ మొహం ఏమీ అడగడం లేదు. లేకపోవడం అలవాటైపోయిన మొహం.

"ఉత్తరం రాసింది నేనే సార్," అంది భ్రమరాంబ.

గాలి పంపులు బుడబుడమంటున్నాయి.

"ఏ ఉత్తరం?" అన్నారు త్రివిక్రమయ్యగారు.

"ఆకాశరామన్న ఉత్తరం. ఎడమచేత్తో రాశాను. వేళ్ళకి చీకటి కావాలని మామూలుగా అడిగితే ఇవ్వలేదండీ. మొక్కలు చచ్చిపోయినాయి. పిల్లలకి కూర లేకుండా పోయింది. విచారణ వేస్తే గుడ్డ కడతారని తెలిసి రాశాను."

త్రివిక్రమయ్యగారు ఆవిడను తేరిపార చూశారు. ఇరవై రెండు బదిలీలు తిన్న మనిషి. "అమ్మా, నా కళ్ళజోడు మసగ్గా ఉంది. తుడుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆలోగా నేను ఏమీ వినలేదు. రెండు నిమిషాలయ్యాక అడుగుతాను," అని జేబులోంచి రుమాలు తీశారు.

రెండు నిమిషాలూ ఆయన కళ్ళజోడే తుడిచారు. డైరెక్టరుగారు ఆవిడకు కళ్ళతో సైగలు చేశారు. భ్రమరాంబ తొట్టి అంచు పట్టుకుని నిలబడింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఉత్తరం ఎవరు రాశారు?"

"నేనే రాశానండీ."

"అయితే ఇది వేరే కేసు," అన్నారు త్రివిక్రమయ్యగారు. ఆయన గొంతులో కోపమైతే లేదు. "ప్రభుత్వ వేళ్ళపై తప్పుడు ఆరోపణ, తద్వారా చీకటిని అక్రమంగా పొందడం. ఇంత క్లిష్టమైన అభియోగం నా పరిధిలోది కాదు. పైకి రాస్తాను. వాళ్ళు ముగ్గురు సభ్యుల సంఘం వేస్తారు. ఈ కేసులో సాక్ష్యం ఏది?"

డైరెక్టరుగారు నోరు తెరిచేలోపల అంబరీషుగారు నియమావళి తెరిచారు. "తొట్లేనండీ. కొత్త అభియోగం నమోదయ్యేనాటికి సాక్ష్యం ఏ స్థితిలో ఉన్నదో, తుది తీర్పుదాకా అదే స్థితిలో ఉంచాలి. తొమ్మిదో నిబంధన, 'బి' ఉపనిబంధన." ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆయన ఒక మాట సొంతంగా చేర్చారు. "లక్క నా దగ్గర ఇంకా చాలా ఉంది."

"మరి బస్టాండు?" అన్నారు డైరెక్టరుగారు దీనంగా.

"విచారణలో ఉన్న అంశం బస్టాండులో ప్రదర్శిస్తారా? మీరేనా ఆ మాట అంటున్నది?" అన్నారు త్రివిక్రమయ్యగారు.

డైరెక్టరుగారు ఆ మాట తాను అనలేదన్నారు. మధ్యాహ్నానికి ఇరవైనాలుగు తొట్లకూ మళ్ళీ గుడ్డలు బిగిశాయి. సాయంత్రానికి భ్రమరాంబ ప్రమోషను కాగితం మీద "అభియోగములు పెండింగులో ఉన్నందున నిలుపుదల" అన్న ముద్ర పడి, అది గాజుబీరువాలోకి చేరింది. దారినపోయే ప్రతివాడికీ అది స్పష్టంగా కనబడుతోంది. భ్రమరాంబ దాని ముందు నుంచి నడిచివెళ్తూ ఒకసారి ఆగింది. తన పేరు, పక్కన తోటల అధికారి అన్న హోదా, వాటి మీద అడ్డంగా ముద్ర. కళ్ళు చెమర్చిన మాట నిజం. అటెండరు పోలయ్య బల్ల మీద పక్కకి ఒత్తిగిలి, ఆవిడ కళ్ళు తుడుచుకున్నంతసేపూ నిద్ర నటించాడు.

మూడోరోజు పొద్దున దీనమ్మ రెండు గంపలతో వచ్చింది. వచ్చీరాగానే గంపలు కింద పెట్టి భ్రమరాంబ చెయ్యి పట్టుకుంది.

"నీ మీద కేసంటగా?"

"అవును దీనమ్మా."

"జైల్లో పెడతారా ఏందమ్మా?"

"జైలు లేదులే. ప్రమోషను ఆపారు. కేసు తేలేదాకా ఈ తొట్లు విప్పడానికి లేదంట."

"మరి తేలేదెప్పుడంట?"

"మామూలుగా ఆరేళ్ళు పడుతుందని అంబరీషుగారు చదివి చెప్పారు. నేను వాయిదాలు అడుగుతూ పోతే ఎనిమిదేళ్ళంట."

దీనమ్మ పెదాలు కదుపుతూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"ఆరేళ్ళంటే ఆరో తరగతి పిల్ల ఇంటరుకొచ్చుద్ది. ఇంకో రెండేళ్ళయితే ఆ ఇంటరు గూడా అయిపోద్ది." కత్తి తీసుకుని తొట్టిముందు గొంతుక్కూర్చుంది. "ఎనిమిదికే చూడమ్మా."